మెల్లా ముఖం

కాపువా ఊళ్ళో కంచు పనివాళ్ళకి కొదవ లేదు. గిన్నెలు చేసేవాళ్ళు, దీపాలు చేసేవాళ్ళు, తలుపు గడియలు చేసేవాళ్ళు వీధి పొడుగునా ఉండేవారు. అయితే భోజనపు పడకలకి బిగించే గాడిద తలలు కావాలంటే మాత్రం జనం నేరుగా డామా కొలిమి దగ్గరికే వచ్చేవారు. కొలిమి డామాది, కంచు కరిగించి పోసేది డామా. కానీ దేనికైనా ముందు మైనంతో రూపం తీసేది అతని అక్క థల్లూస. యాభై రెండేళ్ళ మనిషి. మొగుడు పోయి పన్నెండేళ్ళయింది. పొట్టిగా ఉండేది, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ మైనం ఉండేది, నోరు మాత్రం ఆవిడకి రెండింతలు.

పెద్దిళ్ళవాళ్ళు ఎడమ మోచెయ్యి ఆనించుకుని ఒరిగి భోంచేస్తారు కదా, ఆ మోచెయ్యి పక్కన వంపు తిరిగిన ఆనుడు చెక్క ఒకటి ఉంటుంది. దాని కొసన గాడిద తల ఉండాలి. ద్రాక్షసారా దేవుడు బాకస్‌కి వాహనం గాడిదే గనక, తాగేచోట, తినేచోట అది ఉంటే శుభం. థల్లూస మొగుడు బతికుండగా ఒక అచ్చు చేసి పెట్టాడు. పళ్ళు ఇకిలించి, చెవులు వెనక్కి పెట్టి, మెడ విసురుగా తిప్పిన పొగరుబోతు గాడిద. నుదుటి మీద ద్రాక్షగుత్తులు, చెవుల చుట్టూ తీగ. ఆ అచ్చులో మైనం నొక్కి, రెండు సగాలూ అతికి, తీగ దగ్గర కాస్త వేలితో సవరించి తమ్ముడికి అందించడం, ముప్ఫై ఏళ్ళుగా థల్లూస చేస్తున్న పని అదే. కళ్ళు మూసుకుని చేసేది. చేస్తూ చేస్తూ వీధిలో వెళ్ళేవాళ్ళతో మాట్లాడేది కూడా.

ఆ వసంతంలో ఒకరోజు పొద్దున్నే రొట్టెల పాకియస్ వచ్చాడు. కత్తిపోరాటాలు జరిగే ఆంఫీథియేటర్ దారిలో పెద్ద రొట్టెల బట్టీ అతనిది. అరవై దగ్గర పడ్డ మనిషి, భుజాలు ఎద్దు భుజాలు, కనుబొమల్లో ఎప్పుడూ పిండి. పుట్టుకతో బానిస. అదే బట్టీలో తిరుగలి తిప్పి తిప్పి, చివరికి యజమాని చచ్చిపోతూ విడుదల రాసి ఇస్తే, బట్టీ కూడా దక్కించుకున్నాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అతను దాచుకునే రకమూ కాదు.

"పొయ్యి తల్లి వెస్టా పండక్కి కొత్త భోజనాల గది తెరుస్తున్నానమ్మా. మూడు పడకలు. వడ్రంగి పని అయిపోవచ్చింది. ఇక గాడిద తల చేసి పెట్టాలి నువ్వు," అన్నాడు.

థల్లూస అలవాటుగా అచ్చులోంచి అప్పుడే తీసిన మైనం తల ఒకటి అతని ముందు పెట్టింది.

పాకియస్ దాన్ని అటు చూశాడు, ఇటు చూశాడు. వంగి చూశాడు. "ఇది గాడిద కాదు," అన్నాడు.

"మరేంటయ్యా? ఏనుగా?"

"ఇది దేవుడి గాడిద తల్లీ. మోత మొయ్యదు, తిరుగలి తిప్పదు, తాగి ఊరేగుతుంది. నాకు మా గాడిద కావాలి. మా మెల్లా."

లోపల్నుంచి డామా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "పాకియస్ గారూ, ఊళ్ళో పెద్దలందరి ఇళ్ళలోనూ ఉన్నది ఇదే. దీన్ని కాదన్నవాళ్ళు లేరు."

"వాళ్ళ ఇళ్ళలో ఉంటే ఉండనీ. వాళ్ళెవరూ గాడిదతో కలిసి పని చెయ్యలేదుగా." పాకియస్ అక్కడున్న బల్ల మీద కూలబడ్డాడు. "మా తిరుగలికి రెండు కాడులుండేవి. ఒక ఏడాది గాడిదలన్నీ రోగమొచ్చి పోయాయి, మెల్లా ఒక్కటే మిగిలింది. రెండో కాడికి నన్ను కట్టాడు మా యజమాని. నాలుగు నెలలు. నేను డస్సిపోయి అడుగు వెయ్యలేకపోతే, అది ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదమ్మా. నా వంతు కూడా లాగేది. దెబ్బ నా వీపు మీద పడకుండా. ఇప్పుడు నేను మెత్తటి పరుపు మీద ఒరిగి తింటూ, పక్కన ఎవరి గాడిదనో పెట్టుకోనా?"

థల్లూస ఆ మైనం తలని తిరిగి తీసుకుని కసిరింది. "సరేనయ్యా, సరే. రేపొచ్చి మీ గాడిదగారి దర్శనం చేసుకుంటా. కూర్చోబెట్టి తల దువ్వి ఉంచండి."

మర్నాడు నిజంగానే వెళ్ళింది. బట్టీ వెనక పెరట్లో, అంజూరపు చెట్టు నీడలో మెల్లా నుంచుని ఉంది. ఇప్పుడు దానికి పని లేదు. ముసలిది. కళ్ళ చుట్టూ బూడిద రంగు. కాడి ఒరుసుకుని మెడ మీద ఒకచోట వెంట్రుకలు మొలవడం మానేశాయి. ఎడమ చెవి కొస చిరిగిపోయి ఉంది. థల్లూస ఎదురుగా ముక్కాలి పీట వేసుకుని, కర్ర మీద గుచ్చిన మైనపు ముద్దని ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది.

మొదటిరోజు సగం తల అయింది. బాగానే వచ్చిందనుకుని, నీళ్ళు తాగడానికి పక్కకి వెళ్ళి వచ్చేసరికి ఒక చెవి లేదు. మెల్లా నెమ్మదిగా నములుతోంది.

"ఓసి నీ కడుపు మాడా! ఉమ్మెయ్! ఉమ్మెయ్యవే!"

మెల్లా ఉమ్మెయ్యలేదు. మైనంలో తేనె వాసన ఉంటుంది కదా. అది శుభ్రంగా మింగేసి, రెండో చెవి వైపు చూసింది. పాకియస్ బట్టీ లోంచి పరిగెత్తుకొచ్చి, విషయం తెలుసుకుని, కడుపు పట్టుకుని నవ్వాడు. "రుచి చూసి బాగుందంటోందమ్మా!"

"నా పని నాలుగు కాళ్ళవాళ్ళు కూడా మెచ్చుకోవాలా," అంది థల్లూస. కానీ ఇంటికి పోతూ దారిలో తనూ నవ్వుకుంది.

అసలు కష్టం చెవి పోవడం కాదు. మూడు రోజులు చేసినా తల కుదరలేదు. వేళ్ళకి వేరే గాడిద అలవాటైపోయింది. తను చూస్తున్నది మెల్లాని, చేతిలో తయారవుతున్నది సగం మెల్లా, సగం అచ్చులో గాడిద. పెదవి తియ్యబోతే పళ్ళు ఇకిలించేది. చెవి నిలబెట్టబోతే వెనక్కి పోయేది. ముప్ఫై ఏళ్ళుగా గాడిద తలలు చేస్తూ, ఒక్కరోజైనా గాడిదని కూర్చుని చూడలేదని థల్లూసకి అప్పుడు తట్టింది. మొదట సిగ్గేసింది. తరవాత ఒళ్ళు మండింది. ఆ మంటలో నాలుగో తల మొదలుపెట్టింది.

డామా దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. "అక్కా, కోప్పడవుగా?"

"కోప్పడతా. చెప్పు."

"ఇది గాడిదలా లేదే. మన మేనమామలా ఉంది."

థల్లూస దాన్ని లాక్కుని చూసింది. నిజంగానే మేనమామ. ముద్ద చేసి పారేసింది.

ఐదోదాన్ని మాత్రం దాచి ఉంచింది. అది తక్కినవాటికన్నా నయం. కానీ ఎక్కడో ఏదో తప్పు, ఆ తప్పెక్కడో ఆవిడకి దొరకడం లేదు. తడిగుడ్డ కప్పి బల్ల మీద పెట్టి, దాని చుట్టూ రెండు రోజులు తిరిగింది.

ఆ రెండో రోజు మధ్యాహ్నం, డామా భోజనానికి వెళ్ళిన వేళ, తల మీద ముసుగేసుకుని ఒకావిడ కొలిమిలోకి వచ్చింది. ముసుగు తీస్తే పాకియస్ భార్య సాల్వియా. నలభై ఏడెనిమిది ఉంటాయి. చెవులకి బంగారు దిద్దులు, చేతుల మీద బట్టీలో కాలిన పాత మచ్చలు.

"మా ఆయనకి నేనొచ్చినట్టు తెలియకూడదు," అంది నిలబడే.

"గోడలకి కూడా చెప్పనమ్మా. కూర్చో."

సాల్వియా కూర్చోలేదు. "అక్కా, ఆ మెల్లా తల వద్దు. నువ్వు అందరికీ చేసేదే మాకూ చెయ్యి. ద్రాక్షగుత్తులూ, అవీ. కుదరలేదని మా ఆయనకి చెప్పు. నీ మాటైతే నమ్ముతాడు."

"ఎందుకూ?"

"పండక్కి ఎవరొస్తున్నారో తెలుసా? మాగియస్ గారు. ఈ ఏడు ఊరి పెద్దగా ఎన్నికైన ఆయనే. అంతటివాడు మా గడప తొక్కడం ఇదే మొదలు. ఆయన పక్కన చిరుగు చెవి గాడిద ఉంటే ఏమనుకుంటాడు?"

"నవ్వుకుంటాడు. నవ్వితే నష్టమేముంది?"

సాల్వియా గొంతు తగ్గించి చెప్పింది. "తొమ్మిదేళ్ళు ఆ బట్టీలో పిండి జల్లించానక్కా. మా యజమాని నన్నొక్కసారి పేరెట్టి పిలవలేదు. 'ఒసే గాడిదా' అనేవాడు. గాడిదా ఇటు రా, గాడిదా అటు పో. ఒకటి కొంటే ఇంకొకటి ఉచితంగా వచ్చిందని వచ్చినవాళ్ళకి మెల్లానీ నన్నూ చూపించి నవ్వేవాడు. వాళ్ళూ నవ్వేవారు. ఇప్పుడు మళ్ళీ మంచి బట్టలు కట్టుకున్న మనుషులు మా ఇంట్లో గాడిదని చూసి, ఆపైన నావైపు చూసి నవ్వితే..." ఆగిపోయింది. "మా ఆయనకి అది మెల్లా. నాకు అది ఆ మాట."

థల్లూస కూడా ఒకప్పుడు అమ్ముడుపోయిన మనిషే, ఎనిమిదేళ్ళప్పుడు, తమ్ముడి చెయ్యి పట్టుకుని. ఏం చెప్పినా తేలిగ్గా ఉంటుందనిపించింది. "సరేనమ్మా. నీ ఇల్లు, నీ పడక. మామూలుదే చేస్తా," అంది చివరికి. "అయితే ఇంత కష్టపడ్డాను గదా, ముద్ద చేసేసేముందు ఒక్కసారి చూసి పో. నా తృప్తికి."

తడిగుడ్డ తీసింది.

సాల్వియా చూసింది. కళ్ళు చికిలించింది. ఒకడుగు ముందుకేసింది. "ఇదేంటి ఈ పెదవి?"

"ఏం?"

"దీని పెదవి ఇలా ఉండదు. తిన్నగా ఉందే ఇది! రొట్టె వాసన తగిలితే మెల్లా కింది పెదవి ఎడమకి జారుతుంది. ఎడమకి. అడుక్కుంటున్నట్టు." వేలెత్తి చూపించింది. "కన్నూ అంతే. ఇంత తెరవదు. ఏళ్ళ తరబడి గంతలు కట్టారు గదా, వెలుతురు పడదు దానికి. సగమే తెరుస్తుంది. కొత్తవాళ్ళు దాన్ని బద్ధకం అనుకుంటారు."

"చూపించు," అంది థల్లూస, చెక్క పుల్ల ఆవిడ చేతిలో పెట్టి.

"నాకేం వచ్చక్కా?"

"నీకొచ్చినంత నాకు రాదు. గీయి. పాడైతే నేను చూసుకుంటా."

సాల్వియా అప్పుడు కూర్చుంది. బొటనవేలితో కింది పెదవిని మెల్లిగా ఎడమకి తోసింది. ఎక్కువైందంది. థల్లూస వెనక్కి లాగింది. చాల్లేదంది. కాస్త వేడి గరిట తగిలించి మెత్తబరిచి ఇంకోసారి. కంటి పైరెప్ప దించారు. ముక్కు పుటాల దగ్గర ముడత పెట్టారు. "ఇక్కడ చిన్న గుంట ఉంటుంది, నా వేలు సరిగ్గా పట్టేది," అని సాల్వియా దవడ కింద నొక్కింది. "రాత్రి మిగిలిన రొట్టె మాడుచెక్కలు కొంగులో దాచి తెచ్చిపెట్టేదాన్ని. తిన్నాక ఇక్కడ గోకితే కళ్ళు మూసేసుకునేది. ఆ బట్టీలో నన్ను చూస్తే సంతోషించేది అదొక్కటే."

డామా భోంచేసి తిరిగొచ్చి, ఇద్దరాడవాళ్ళు ఒకే తల మీద వంగి గొడవపడుతూ ఉండడం చూసి, పలకరించే ధైర్యం లేక బయటే కూర్చున్నాడు.

ఎండ వాలే వేళకి సాల్వియా చేతులు దులుపుకుని వెనక్కి జరిగింది. మైనపు మెల్లా సగం కళ్ళతో, జారిన పెదవితో, అడిగితే తప్పేముందన్నట్టు ఆవిడకేసి చూసింది. సాల్వియాకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇదిగో, ఇదీ మా దొంగది."

"ఇంతకీ ఏం చెయ్యమంటావు?" అనడిగింది థల్లూస. "దేవుడి గాడిదా? ఇదా?"

సాల్వియా ముసుగు సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది. వెనక్కి తిరిగింది. "ఆ ద్రాక్షతీగ తీసెయ్ అక్కా. దీని బతుక్కి ద్రాక్షపండు ఎక్కడ దొరికింది గనక? పండగరోజు మేం దాని మెడలో రొట్టెల దండ వేస్తాం. అది పెట్టు."

మర్నాడు పొద్దున్న ఎవరి చేతో ఒక చిన్న బుట్ట పంపింది. అందులో బొటనవేలి గోరంత రొట్టెలు, పది కాల్చి ఉన్నాయి. పెద్ద రొట్టెకి మల్లేనే ఒక్కోదాని మీదా ఎనిమిది గాట్లు. థల్లూస వాటిని చూసి చూసి మైనంతో చేసి దండ గుచ్చింది. మధ్యమధ్య ఊదాపూలు పెట్టింది. నమూనాలని డామా తినేశాడు.

పోత రోజున తెల్లవారుతూనే కొలిమి రాజేశారు. మైనం చుట్టూ పూసిన మట్టి అప్పటికే కాల్చి ఉంది. మైనమంతా కరిగి కారిపోయి లోపల మెల్లా ఆకారంలో ఖాళీ మిగిలింది. ఇప్పుడు ఆ ఖాళీలోకి కంచు పొయ్యాలి. పోతకి రెండో అవకాశం లేదు. సరిగా పారకపోతే మైనమూ పోయె, మట్టీ పోయె, పండగా దగ్గర పడె. థల్లూస ఆ పూట వీధివైపు తిరగనైనా తిరగక, గుమ్మానికి ఆనుకుని కొలిమినే చూస్తూ నిలబడింది. డామా మూసని పటకారుతో ఎత్తి, వెస్టా తల్లిని ఒకసారి తలుచుకుని, వంచాడు. ఎర్రటి కంచు సన్నటి ధారగా దిగింది. గాలిగొట్టాల్లోంచి పొగ వచ్చింది, ఆ వెనకే కంచు పైకి పొంగి మెరిసింది. నిండిందన్నమాట.

మట్టి చల్లారాక డామా బద్దలుకొట్టాడు. నల్లగా, మసిగా, మెల్లా బయటపడింది. డామా దాన్ని నలువైపులా తడిమి చూసి నాలిక కరుచుకున్నాడు. "అయ్యో అక్కా, అంతా బాగా వచ్చింది, ఎడమ చెవి కొస దగ్గర కంచు అందలేదు. పర్లేదులే, చిన్న అతుకు వేసి ఆకురాయి పట్టిస్తే..."

"దాన్ని ముట్టుకున్నావో, చేతులు విరుస్తా!"

"చిరిగిపోయిందే!"

"చిరిగిందాన్ని చిరిగినట్టే చేశానురా, మొద్దూ!"

తరవాత నాలుగు రోజులు గీకుడు, నునుపు. కళ్ళలో వెండి పొదిగారు, కింది పెదవి మీద ఎర్రటి రాగిరేకు అద్దారు. పడకకి బిగించడానికి పట్టుకెళితే పాకియస్ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. చిరుగు చెవిని తడిమాడు. పెదవిని తడిమాడు. "ఈ పెదవి సంగతి నీకెలా తెలిసిందమ్మా? రొట్టె దగ్గరికి పెడితే గాని అదిలా పెట్టదే!"

థల్లూస ఓరగా సాల్వియాకేసి చూసింది. సాల్వియా పరుపు మీద లేని ముడతలు సర్దుతోంది. "చెప్పినవాళ్ళు చెప్పారు," అంది థల్లూస. పాకియస్ భార్యని చూశాడు, పరుపుని చూశాడు, మళ్ళీ భార్యని చూశాడు. పెద్ద పెద్ద చేతులతో మొహం కప్పుకుని, పిండి పడిందంటూ కళ్ళు నులుముకున్నాడు.

వెస్టా తల్లి పండగ వచ్చింది. ఆ రోజు ఊళ్ళో ఒక్క తిరుగలీ తిరగదు. రాళ్ళకి పూలదండలు, గాడిదల మెడల్లో రొట్టెలు. పొయ్యి తల్లి వెస్టాని ఒకప్పుడు ఆపద వేళ ఓండ్రపెట్టి నిద్రలేపి కాపాడింది గాడిదే గనక, ఆ ఒక్కరోజూ అవి దొరలు. పొద్దుటినుంచీ వీధుల్లో పిల్లలు వాటి వెంటపడి రొట్టెలు లాక్కోవడం, అవి తన్నబోవడం, ఒకటే గోల. మధ్యాహ్నం దాటాక పాకియస్ ఇంటికి అతిథులు చేరారు. తేనె కలిపిన ద్రాక్షసారా, వెల్లుల్లి జున్ను, ఆలివ్ కాయలు, కాల్చిన మేకపిల్ల, ఇక రొట్టెల సంగతి చెప్పనక్కరలేదు. డామా, థల్లూసలని కూడా పిలిచారు. వాళ్ళు గుమ్మం పక్కన, ఏదైనా మేకు వదులైతే బిగించాలన్న వంకతో నిలబడ్డారు.

మాగియస్‌కి గౌరవస్థానం ఇచ్చారు. అంటే మెల్లా తల పక్కన. ఆయన లావుపాటి మనిషి, మాట తక్కువ, పెద్దరికం ఎక్కువ. ఒరిగాడు. రొట్టె తుంచాడు. పక్కకి చూశాడు. తిన్నాడు. మళ్ళీ పక్కకి చూశాడు. పళ్ళాన్ని కాస్త ఇవతలికి లాక్కున్నాడు.

సాల్వియా ఎదురు పడక మీద బిగుసుకుపోయింది.

"పాకియస్, ఈ గాడిద నా పళ్ళెంలోకి చూస్తోందయ్యా," అన్నాడు మాగియస్.

గది ఘొల్లుమంది. సాల్వియా చెవులు ఎర్రబడ్డాయి. మాగియస్ మాత్రం నవ్వకుండా తల దగ్గరగా పెట్టి చూస్తున్నాడు. "నా ఇంట్లోనూ ఉన్నాయి రెండు. ఏనాడూ వాటి మొహం చూసిన పాపాన పోలేదు. ఇది వేరు. ఇదెవరో తెలిసిన మనిషిలా ఉంది. ఎవరిది ఈ ముఖం?"

నవ్వులాగిపోయాయి. పాకియస్ నోరు తెరిచాడు. అంతలో సాల్వియా లేచి కూర్చుంది.

"మాతో పనిచేసిందండీ," అంది. "దాని పేరు మెల్లా. మా ఆయన్ని తిరుగలికి కట్టిన రోజుల్లో ఆయన బరువు లాగింది. నాకు తోడుండేది. ఆ బట్టీలో మా ఇద్దర్నీ ఒకే పేరుతో పిలిచేవారు. ఇప్పుడది పెరట్లో ఉంది."

గుమ్మం దగ్గర థల్లూస తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పెరట్లోనా? పండగ దానిదైతే, దాన్ని పెరట్లో ఉంచి మనం తినడమేంటమ్మా?" అన్నాడు మాగియస్. "పిలవండి!"

పాకియస్ ఒక్క గంతులో లేచి వెళ్ళాడు. మెడలో రొట్టెల దండ, నుదుట ఊదాపూలతో మెల్లా భోజనాల గదిలోకి నెమ్మదిగా, గిట్టలు టకటకలాడిస్తూ వచ్చింది. కంచు తలకేసి కన్నెత్తి చూడలేదు. దానికి అందులో విశేషమేమీ కనిపించలేదు. తిన్నగా మాగియస్ పళ్ళెం దగ్గరికి నడిచింది. రొట్టె వాసన తగిలింది. కింది పెదవి ఎడమకి జారింది.

"చూడండి, చూడండి!" ఎవరో అరిచారు. అందరూ ఈ తలనీ ఆ తలనీ మార్చి మార్చి చూశారు. అదే సగం కన్ను, అదే చిరుగు, అదే అడుక్కునే పెదవి. చప్పట్లతో గది దద్దరిల్లింది. ఆ సందడిలో మెల్లా ఊరి పెద్దగారి రొట్టె తినేసి, మూతి ఆయన తెల్లటి బట్టకి తుడుచుకుంది.

మాగియస్ నవ్వాడు. పొట్ట ఎగిరెగిరి పడేలా, దగ్గు వచ్చేలా నవ్వాడు. నవ్వు తగ్గాక సారా గిన్నె ఎత్తి, ఎవరూ అడక్కుండానే అన్నాడు: "మా తాత ఉల్లిపాయలు అమ్మేవాడు. గాడిద మీద వేసుకుని, టిఫాటా కొండ కింద ఊరూరా తిరిగి. మా ఇంట్లో ఆ మాట ఎవ్వరూ ఎత్తరు. ఆ గాడిద పేరేంటో కూడా నాకు తెలీదు." గిన్నె సాల్వియా వైపు చాపాడు. "మెల్లాకి! దాని స్నేహితురాలికీ!"

సాల్వియా తాగింది. ఆవిడ మొహంలో భయం లేదిప్పుడు. ఆవిడ ఆ పూట ఎంత గట్టిగా నవ్వితే, ఎంత గట్టిగా మాట్లాడితే, అంత అందంగా కనిపించింది థల్లూసకి.

"అక్కా! గుమ్మానికి కాపలా ఏంటి? ఇలా రా!" అని సాల్వియా కేకేసింది. "నా పక్కన చోటుంది."

"నేనా? పడక మీదా? నాకు చేతకాదమ్మా!"

అది నిజం. ఊళ్ళో సగం పడకలకి తలలు చేసిన మనిషి, ఒక్కదాని మీదా ఎన్నడూ ఒరగలేదు. పీట మీద కూర్చుని తినడమే తెలుసు. డామా వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. థల్లూస చెప్పులు విప్పి, పడక ఎక్కి, కుడి మోచెయ్యి ఆనించింది. అందరూ అటు తిరిగితే తనొక్కతే ఇటు తిరిగి, పక్కాయన మొహంలో మొహం పెట్టినట్టయింది.

"ఎడమ! ఎడమ చెయ్యక్కా!" సాల్వియాకి నవ్వాగడం లేదు. "నేనూ వారం రోజులు సాధన చేశాను. కింద దిండు పెట్టుకో. కాళ్ళు అటు. అద్దీ!"

థల్లూస తిరిగి సర్దుకుంది. కాసేపటికి మోచెయ్యి తిమ్మిరెక్కింది. దిండు జారింది. నోట్లో పెట్టుకోబోయిన ఆలివ్ కాయ మెడలోంచి బట్టల్లోకి దొర్లింది. "ఈ పెద్దమనుషులు ఇలా ఎలా తింటారే తల్లీ? ఇంతకన్నా తిరుగలి తిప్పడం సుఖం!" అంది గట్టిగా. సాల్వియా నవ్వుతూ ఆవిడ భుజం మీద వాలిపోయింది. అవతల పాకియస్ మెల్లాని బయటికి తీసుకుపోవాలని చూస్తుంటే, అతిథులంతా ఒప్పుకోక, తలా ఒక రొట్టె పట్టుకుని దాని చుట్టూ మూగారు.